పెళ్లి ఆల్బమ్‌లో మా అక్క మా అక్కలా లేదు. ఎడిట్ చేసినట్టు కనబడకుండా ఎడిట్ చేయడం ఎట్లా?

అలిపిరి_మెట్లు
మా అక్క పెళ్లి తిరుచానూరులో జరిగింది. ఆల్బమ్ నిన్న చేతికొచ్చింది. అక్కది మా నాయన పోలిక, చామనఛాయ. ఆల్బమ్‌లో చూస్తే పాలల్లో ముంచి తీసినట్టుంది. గడ్డం మీద చిన్నప్పటి నుంచి ఉన్న పుట్టుమచ్చ మాయం. మా అవ్వకు డెబ్బై ఎనిమిదేళ్లు, ముఖంలో ఒక్క ముడత లేదు. "బావ పక్కన ఉండే ఆయమ్మ ఎవురురా?" అని అవ్వే అడిగింది. ఆయమ్మ మా అవ్వే.

మంగళస్నానం ఫొటోల్లో పసుపు పాలిపోయింది, బంగారం వెండిలా ఉంది. స్టూడియో ఆయనకు ఫోన్ చేస్తే "అందరూ అట్లే అడుగుతారు సార్" అన్నాడు. గొడవ పెట్టుకోవడం ఇష్టం లేదు. అసలు ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వేసిస్తానన్నాడు కాబట్టి ఓ యాభై ఫొటోలు నేనే కూర్చుని చేసుకుందామని ఉంది. ల్యాప్‌టాప్ ఉంది, ఎడిటింగ్ రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఊరికే_చూస్తున్నా
జంటను చంద్రుడి మీద కూర్చోబెట్టిన పేజీ ఉందా లేదా, ముందు అది చెప్పు.

అలిపిరి_మెట్లు
చంద్రుడు కాదన్నా, తామరపువ్వు. బావ కాళ్లు పువ్వులో కూరుకుపోయినాయి.

పీలేరు_పిల్లోడు
అసలు ఎడిటింగే వద్దు బ్రో. కెమెరా ఏది తీస్తే అదే సహజం. నేను ఒక్క ఫొటో కూడా ఎడిట్ చేయను.

వెంకి_వైట్‌బ్యాలెన్స్
@పీలేరు_పిల్లోడు, నువ్వు చేయవు, నీ ఫోన్ చేస్తుంది. బటన్ ఒక్కసారి నొక్కితే అది నాలుగైదు ఫొటోలు తీసి కలుపుతుంది, నీడలు లేపుతుంది, ఆకాశం నీలం పెంచుతుంది, అడగకుండానే ముఖం నున్నగా చేస్తుంది. కెమెరాలో జేపీజీ (మామూలు ఫొటో ఫైల్) పెట్టినా అంతే, రంగూ కాంట్రాస్టూ లోపలే వేసి ఇస్తుంది. ఎడిట్ లేని ఫొటో అంటూ లేదు. ఆ పని నువ్వు చేస్తున్నావా, కంపెనీ వాళ్లు చేస్తున్నారా అన్నదే తేడా.

@అలిపిరి_మెట్లు, నీ ఆల్బమ్‌లో ఏం జరిగిందో చూడకుండానే చెప్తా. మన చర్మం, అది ఎవరిదైనా సరే, రంగుల లెక్కలో నారింజలోకి వస్తుంది. తెల్లగా చేయాలంటే సులువైన దారి ఒకటుంది. ఎడిటింగ్‌లో ఒక్కో రంగుకు అటూ ఇటూ జరిపే మీట ఉంటుంది, స్లైడర్ అంటారు. నారింజ స్లైడర్‌లో వెలుగు పైకి, గాఢత కిందికి. రెండు సెకన్ల పని. కానీ బంగారం, జరీ, పసుపు, తలంబ్రాలు అన్నీ ఆ నారింజ, పసుపు వరసలోనే ఉంటాయి. ముఖం తెల్లబడితే వాటికీ రంగు పోతుంది. మీ బంగారం వెండి అయింది అందుకే.

అలిపిరి_మెట్లు
అబ్బా! తలంబ్రాలు మామూలు బియ్యంలా ఎందుకున్నాయా అని నిన్నటి నుంచి బుర్ర బద్దలు కొట్టుకుంటున్నా.

చిత్తూరు_లెన్స్
నేను పదకొండేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నా, మా వైపు నుంచి కూడా వినండి. ఒక పెళ్లికి మూడు నాలుగు వేల ఫొటోలు. ఒక్కోటి కూర్చుని చేస్తే మీ అక్క బిడ్డ బారసాలకు ఆల్బమ్ వస్తుంది. అందుకే ఒక ప్రీసెట్ (ముందే కట్టిపెట్టుకున్న సెట్టింగుల మూట) తయారు చేసుకుని అన్నిటికీ ఒకేసారి కొడతాం. కల్యాణ మండపం లోపల ఒక రకం లైటు, మధ్యాహ్నం పందిరి కింద ఇంకో రకం, రెంటికీ అదే మందు. తప్పే, ఒప్పుకుంటా.

తెల్లగా చేయడం మాత్రం మా సొంత సరదా కాదు. రాత్రి పదకొండుకు వాయిస్ మెసేజ్ వస్తుంది: "అన్నా, పాప కొంచెం నల్లగా పడింది, చూసి చేయండి." మళ్ళీ పొద్దున్నే పెళ్లికొడుకు మేనత్త ఫోన్. ఉన్నది ఉన్నట్టు ఇచ్చిన పెళ్లిళ్లు రెండున్నాయి. ఒకాయన మిగతా డబ్బులు ఆరు నెలలు ఆపాడు.

వెంకి_వైట్‌బ్యాలెన్స్
అన్నా, "నల్లగా పడింది" అంటే సగం సార్లు వెలుతురు తక్కువైందని అర్థం. వెనక ఎల్ఈడీ తెర ధగధగ మెరుస్తుంటుంది, ముఖం చీకట్లో ఉంటుంది. అప్పుడు చేయాల్సింది ముఖం వరకే మాస్క్ వేసి, అంటే ఆ చోటు మాత్రమే ఎంచుకుని, వెలుగు కాస్త పెంచడం. వెలుగు పెంచడం వేరు, రంగు మార్చడం వేరు. చామనఛాయ ముఖం మీద మంచి వెలుతురు పడితే ఎంత అందంగా ఉంటుందో మీకు నేను చెప్పాలా?

చిత్తూరు_లెన్స్
అది నాకు చెప్పకు తమ్ముడూ, మేనత్తకు చెప్పు. నంబర్ ఇస్తా.

పాత_నెగటివ్
మీ గొడవ వింటుంటే నవ్వొస్తోంది. ఇది కంప్యూటర్‌తో వచ్చిన జబ్బు కాదు. డెబ్బైల చివర్లో నేను తిరుపతి గాంధీ రోడ్డు దగ్గర ఒక స్టూడియోలో రీటచింగ్ నేర్చుకున్నా. అంతా బ్లాక్ అండ్ వైట్. ఏటవాలు చెక్క డెస్క్, మధ్యలో గాజు, కింద అద్దం. కిటికీ వెలుతురు అద్దం మీద పడి నెగటివ్ గుండా పైకి వచ్చేది. నెగటివ్ మీద పల్చగా మందు రాసి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో చుక్కలు చుక్కలుగా పెట్టేవాళ్లం. నెగటివ్‌లో పెన్సిల్ పడిన చోటు ప్రింట్‌లో తెల్లబడుతుంది. మొటిమ గుంత, కంటి కింద నలుపు, అన్నీ అట్ల పోయేవి. ఒక్క ముఖానికి గంట పట్టేది. చేయి జారిందా, అయిపోయినట్టే. వెనక్కి తెచ్చే బటన్ లేదు.

ఆ భయమే మమ్మల్ని అదుపులో పెట్టింది అనుకుంటా. మా మేస్త్రీ ఒకటే మాట అనేవాడు: పది రోజుల్లో పోయేది నువ్వు తీసేయ్, జన్మకు ఉండేది ముట్టుకోవద్దు. మొటిమ తీసేయొచ్చు, పుట్టుమచ్చ తీయకూడదు. పాస్‌పోర్ట్ ఫొటోలో పుట్టుమచ్చ చెరిపేసి నేను తిట్లు తిన్నా కూడా.

కొండ మీద గుండు చేయించుకుని కిందికి దిగి కుటుంబంతో ఫొటో దిగేవాళ్లు చాలామంది వచ్చేవాళ్లు. మా దగ్గర గోపురం బొమ్మ గీసిన తెర ఉండేది. తడి గంధం పూసిన నాలుగు గుండ్లు వరసగా నిలబడితే ఫ్లాష్‌కు నాలుగు బల్బులు వెలిగినట్టు ఉండేది. ఆ మెరుపు తగ్గించడం నా మొదటి ఉద్యోగం.

ఊరికే_చూస్తున్నా
"నాలుగు బల్బులు" 😂 దీనికి ఇప్పుడు హైలైట్స్ స్లైడర్ అంటారు పెద్దాయనా.

పాత_నెగటివ్
మేము గంధం ఆరేదాకా కూర్చోబెట్టి తీయడం నేర్చుకున్నాం నాయనా. స్లైడర్ కంటే అదే నయం.

వెంకి_వైట్‌బ్యాలెన్స్
ఈ పోస్ట్‌ను పైన పిన్ చేయాలి.

@అలిపిరి_మెట్లు, పెన్‌డ్రైవ్ తీసుకునే ముందు ఒక మాట. జేపీజీలు కాకుండా రా ఫైళ్లు (కెమెరా ఇంకా వండని ముడి ఫైళ్లు) ఉన్నాయేమో అడుగు. పేరు చివర సీఆర్3 అనో, ఎన్‌ఈఎఫ్ అనో, ఏఆర్‌డబ్ల్యూ అనో ఉంటుంది. జేపీజీలో ఒక్కో రంగుకు 256 మెట్లే. 14 బిట్ రా ఫైల్‌లో 16,384. చీకటి ముఖాన్ని జేపీజీలో పైకి లేపితే చారలు, మచ్చలు పడతాయి. రా ఫైల్ చాలా దూరం ఓర్చుకుంటుంది. పైగా జేపీజీలో వైట్ బ్యాలెన్స్ (ఏ వెలుతురులోనైనా తెలుపు తెల్లగా కనబడేట్టు రంగులు సరిచేసేది) వండి వడ్డించేసి ఉంటుంది. రాలో అది ఇంకా నీ చేతిలోనే ఉంటుంది.

అలిపిరి_మెట్లు
ఇప్పుడే ఫోన్ చేశా. "రా ఫైళ్లు కావాలన్నా" అంటే "ఎప్పుడు రమ్మంటారు సార్" అన్నాడు. అర్థం చేయించేసరికి పది నిమిషాలు. ఉన్నాయట, ఇస్తాడట.

కలంకారీ_అక్క
మాది శ్రీకాళహస్తి, కలంకారీ చీరలు, దుపట్టాలు ఆన్‌లైన్‌లో అమ్ముతాం. మీకు ఇది అందం సంగతి, మాకు డబ్బు సంగతి. మొదట్లో మా తమ్ముడు ఫోన్లో గాఢత పెంచి ఫొటోలు పెట్టేవాడు. ఎరుపు భగ్గుమనేది. రెండు రకాల గొడవలు వచ్చాయి. ఒకరు "ఫొటోలో ఉన్న ఎరుపు ఇది కాదు" అని చీర వెనక్కి పంపారు. ఇంకొకావిడ ఫొటో చూసే "ఇది చేతిపని కాదు, మిషన్ ప్రింట్" అని తేల్చేసింది. చెట్ల నుంచి తీసిన రంగులు అట్ల అరవవు. దానిమ్మ తొక్కల పసుపు, బెల్లం నీళ్లలో ఇనుము ఊరబెట్టి చేసే నలుపు, అన్నీ కాస్త అణిగి ఉంటాయి. ఆ అణకువకే కదా జనం డబ్బులిచ్చేది!

ఇంకో తంటా. ఆటో వైట్ బ్యాలెన్స్ మా బట్టను తెల్లగా చేసేస్తుంది. మా బట్ట తెలుపు కాదు. కరక్కాయ, పాలల్లో ముంచి ఆరేస్తాం కాబట్టి లేత మీగడ రంగు. యాప్‌లో ఆ బట్ట మీద క్లిక్ చేసి "ఇదే తెలుపు" అని చెప్తే మిగతా రంగులన్నీ నీలంగా తిరుగుతాయి. ఇప్పుడు వసారా నీడలో తీస్తున్నా, పక్కన ఒక బూడిద రంగు కార్డు పెట్టి. మొదటి ఫొటోలో కార్డు మీద క్లిక్ చేసి, అదే సెట్టింగ్ మిగతావాటికి కాపీ చేస్తా. రిటర్నులు బాగా తగ్గాయి.

తోతాపురి_తోట
అక్కా, నీ బాధ నాకు తెలుసు. బంగారుపాళెం దగ్గర మాకు మామిడి తోట. తోతాపురి పల్ప్ ఫ్యాక్టరీలకు పోతుంది. బేనీషా కొంచెం పెట్టెల్లో సర్ది నేరుగా అమ్ముతా. ఓసారి ఫొటోలో పచ్చదనం తగ్గించి పసుపు పెంచా. కొన్నావిడ రివ్యూ ఇట్ల రాసింది: "ఫొటోలో పండు, పెట్టెలో కాయ."

ఊరికే_చూస్తున్నా
ఆ రివ్యూను ఫ్రేమ్ కట్టించాల్సింది.

అలిపిరి_మెట్లు
@కలంకారీ_అక్క, మీరు చెప్పింది చదివి నేనూ ప్రయత్నించా. ఫోన్లో ఉన్న ఒక పెళ్లి ఫొటోలో మా నాయన తెల్లచొక్కా మీద క్లిక్ చేశా. అందరికీ కామెర్లు వచ్చినట్టు పచ్చబడ్డారు. ఎందుకు?

వెంకి_వైట్‌బ్యాలెన్స్
మీ ఇంట్లో చొక్కాలకు నీలిమందు పెడతారా?

అలిపిరి_మెట్లు
మా అమ్మ చేయి పెద్దది. బాగా పెడుతుంది.

వెంకి_వైట్‌బ్యాలెన్స్
అదే. చొక్కా తెలుపు కాదు, లేత నీలం. యాప్ ఆ నీలాన్ని కొట్టేయడానికి ఫొటో మొత్తానికి పసుపు పోసింది. గోడ నీడలోనో, రోడ్డు సిమెంట్ మీదో, అసలు రంగు లేని బూడిద చోటు వెతుకు. ఏదీ దొరక్కపోతే చేత్తో జరుపు. వెలుతురు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు. పగటి వెలుతురు 5500 కెల్విన్ దగ్గర ఉంటుంది, పాత పసుపు బల్బులు 3000 లోపు. మండపంలో రెండూ కలిసి ఉంటే ఒక్క అంకె అన్నిటికీ సరిపోదు. అప్పుడు ముఖాన్ని చూసి పెట్టుకో, గోడ ఎట్ల పోయినా పర్లేదు.

జాతర_కుర్రోడు
అసలు రంగే ఎడిటింగ్‌లా కనబడితే ఏం చేయాలి? నేను ఏటా మేలో తాతయ్యగుంట గంగమ్మ జాతర తీస్తా. మొక్కున్నవాళ్లు రోజుకో వేషం కడతారు. బండ వేషం రోజు ఒళ్లంతా కుంకుమ, తోటి వేషం రోజు బొగ్గు, దొర వేషం రోజు చందనం. ఎర్రటి మనిషి ఫ్రేమ్ నిండా ఉంటే ఆటో వైట్ బ్యాలెన్స్ బెదిరిపోయి ఆ ఎరుపుకు నీలం కలుపుతుంది. బొగ్గు పూసుకున్నాయన ఇంకా విచిత్రం. కెమెరా లెక్కలో ప్రపంచమంతా మధ్యరకం బూడిద రంగు. నల్లటి మనిషిని చూడగానే "చీకటిగా ఉంది" అనుకుని వెలుగు పెంచేస్తుంది. ఫొటోలో బొగ్గు కాస్తా విభూతి అవుతుంది. నేను తీసేటప్పుడే ఒక స్టాప్ తగ్గిస్తా, అంటే వెలుగు సగం చేస్తా. ఎడిటింగ్‌లో బ్లాక్స్ (బాగా నల్లటి చోట్లు) కొంచెం దించుతా, అంతే.

మా ఫ్రెండ్ ఒకడు అదే ఫొటోకు క్లారిటీ వంద పెట్టి, హెచ్‌డీఆర్ (నీడల్నీ వెలుగుల్నీ ఒకేసారి లాగి చూపించే ఎఫెక్ట్) కొట్టి స్టేటస్ పెట్టాడు. వేషం కట్టిన మనిషి చుట్టూ తెల్లటి అంచు, ఆకాశంలో మురికి. భక్తితో మొక్కు తీర్చుకునే మనిషిని వీడియో గేమ్ రాక్షసుడిని చేశాడు.

వెంకి_వైట్‌బ్యాలెన్స్
ఆ తెల్ల అంచుకు కారణం ఉంది. క్లారిటీ, స్ట్రక్చర్ లాంటివి అంచుల దగ్గర తేడా పెంచుతాయి. నల్లటి పక్కను ఇంకా నలుపు, తెల్లటి పక్కను ఇంకా తెలుపు చేస్తాయి. కొంచెమైతే పదును, ఎక్కువైతే కాంతివలయం. కొండ అంచు, ఆకాశం కలిసే చోటును పెద్దది చేసి చూడండి. దొంగతనం ముందు అక్కడే బయటపడుతుంది. ముఖాల మీద క్లారిటీ అసలు వద్దు, పాతికేళ్ల పిల్లకు యాభై వస్తాయి.

చంద్రగిరి_బావ
ఆకాశం మార్చడం గురించి ఎవరూ మాట్లాడలేదేంటి? చంద్రగిరి రాజమహల్ ఫొటోకు మధ్యాహ్నం తెల్లటి ఆకాశం ఏం బాగుంటుంది? యాప్‌లో సంధ్య ఆకాశం పెట్టా. మూడొందల లైకులు.

జాతర_కుర్రోడు
నీ ఫొటో చూశా బావా. ఆకాశంలో సూర్యుడు మహల్ వెనక దిగుతున్నాడు. మహల్ ముందు గోడ మీద ఎండ ఫెళ్లుమని కొడుతోంది. ఆ ఎండ యాడ్నుంచి వచ్చింది?

చంద్రగిరి_బావ
...

ఊరికే_చూస్తున్నా
చంద్రగిరికి ఇద్దరు సూర్యులు. రాయలవారి కాలం నుంచీ ఉన్నారు.

పాత_నెగటివ్
బావను మరీ ఏడిపించకండి. పెద్దపెద్దవాళ్లే చేశారు. 1982లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ముఖచిత్రంలో నిలువు పేజీలో పట్టడానికి గిజా పిరమిడ్లను ఒకదాని దగ్గరికి ఇంకోటి జరిపారు. అప్పటికి ఫొటోషాప్ పుట్టనే లేదు, అది 1990లో వచ్చింది. పత్రికకు చాలా చెడ్డపేరు వచ్చింది. పిరమిడ్లే జరిగినప్పుడు నీ మబ్బులెంత!

చంద్రగిరి_బావ
సరే, ఒప్పుకున్నా. కానీ ఒకటి చెప్పండి. నేను సాయంత్రం కపిలతీర్థం దగ్గర నిలబడి తీసిన కొండ ఫొటో ఒక్క స్లైడర్ ముట్టుకోకుండా పెట్టా. దాన్ని "ఫేక్, ఎరుపు పెంచావు" అన్నారు. వాలు ఎండలో ఆ రాతి చరియ నిజంగానే అంత ఎర్రగా ఉంటుంది కదా!

వెంకి_వైట్‌బ్యాలెన్స్
ఉంటుంది. అది ఇక్కడ పుట్టినవాళ్లకు తెలుసు, బెంగళూరులో కూర్చుని చూసేవాడికి తెలీదు. అట్లాంటప్పుడు నేను గాఢత ఒక చిటికెడు తగ్గించి పెడతా. నిజాన్ని నమ్మించడానికి కూడా ఎడిట్ చేయాల్సొస్తుంది.

జాతర_కుర్రోడు
నేను ఒప్పుకోను. ఉన్న ఎరుపును ఉన్నట్టే పెట్టాలి. నమ్మనోడు వచ్చి చూసుకుంటాడు.

చంద్రగిరి_బావ
నేను జాతర కుర్రోడి పార్టీ.

వెంకి_వైట్‌బ్యాలెన్స్
సరే, మీ ఇష్టం. ఆకుపచ్చ సంగతి మాత్రం నా మాట వినండి. తలకోన ఫొటోలన్నీ చిలకపచ్చగా ఉంటున్నాయి. మన ఆకుల్లో పసుపు పాలు ఎక్కువ. గాఢత అంతటికీ పెంచితే మొదట వెర్రెక్కేది ఆ పచ్చే. గాఢత బదులు వైబ్రన్స్ వాడితే పాలిపోయిన రంగులే ఎక్కువ లేస్తాయి, చర్మం జోలికి పెద్దగా పోదు. ఎండాకాలంలో శేషాచలం గోధుమ రంగులోనే ఉంటుంది, దాన్ని మున్నార్ చేయొద్దు.

పీలేరు_పిల్లోడు
ల్యాప్‌టాప్ లేనోళ్ల సంగతేంటి? నా దగ్గర ఫోన్లో స్నాప్‌సీడ్ యాప్ ఒక్కటే ఉంది.

ఊరికే_చూస్తున్నా
నువ్వు ఒక్క ఫొటో కూడా ఎడిట్ చేయవు కదా బ్రో?

పీలేరు_పిల్లోడు
మా అత్తకూతురి ఫొటోలన్నా 🙈

వెంకి_వైట్‌బ్యాలెన్స్
స్నాప్‌సీడ్ చాలు. హెచ్‌డీఆర్ స్కేప్ ఉన్న వైపు చూడకు. యాంబియెన్స్ పది దాటనీయకు. సెలెక్టివ్ అని ఒకటుంది, ముఖం మీద చుక్క పెట్టి, రెండు వేళ్లతో దాని పరిధి తగ్గించి, వెలుగు మాత్రం కొంచెం పెంచు. అయ్యాక అసలు ఫొటో పక్కన పెట్టి చూసుకుని, చేసిందాంట్లో సగం వెనక్కి తగ్గించు. కన్ను అలవాటు పడిపోతుంది, పావుగంట అదే చూస్తుంటే ఎంత పెంచినా తక్కువే అనిపిస్తుంది. రాత్రి చేసింది రాత్రే పెట్టొద్దు. నైట్ మోడ్‌లో తెర పసుపుగా ఉండి, దాన్ని సరిచేయబోయి అందరికీ నీలం పూసిన ఘనుణ్ని నేను.

అలిపిరి_మెట్లు
వారం తర్వాత రిపోర్ట్. నలభై రెండు ఫొటోలు చేశా. ముందు వైట్ బ్యాలెన్స్ (మండపం స్తంభం సిమెంట్ మీద క్లిక్ చేసి), తర్వాత మొత్తం వెలుగు, తర్వాత అక్క ముఖం మీద మాస్క్. నారింజ స్లైడర్ ముట్టుకోలేదు. పెళ్లి ముందు రోజు వచ్చిన మొటిమ తీసేశా, పుట్టుమచ్చ ఉంచా. పసుపు పసుపులా ఉంది! తలంబ్రాలు తలంబ్రాల్లా ఉన్నాయి.

నాలుగు ప్రింట్లు వేయిస్తే తెర మీద కంటే చీకటిగా వచ్చాయి.

చిత్తూరు_లెన్స్
తెర తనే వెలుగుతుంది, కాగితానికి ఆ భాగ్యం లేదు. ల్యాప్‌టాప్ వెలుగు సగానికి దించి చూసి, అప్పుడు ఎంత లేపాలో లేపు. ఫైల్ ఎస్ఆర్‌జీబీలోనే (సేవ్ చేసేటప్పుడు ఎంచుకునే మామూలు రంగుల పద్ధతి) ఇవ్వు, ఇంకోటి ఇస్తే మామూలు ల్యాబ్‌లో రంగులు చప్పబడతాయి. ముందు ఒక్క చిన్న ప్రింట్ వేయించి, పగటి పూట బయట నిలబడి చూడు. నువ్వు పెట్టిన ఫొటోలు చూశా, పుస్తెలు కట్టేది బాగా చేశావు. నా దగ్గరికి వస్తావా, సీజన్‌లో మనుషులు దొరకట్లేదు?

అలిపిరి_మెట్లు
థాంక్స్ అన్నా. మేనత్తల ఫోన్లు మీరే ఎత్తుతానంటే వస్తా.

ఊరికే_చూస్తున్నా
అక్క ఏమంది? అవ్వ ఏమంది?

అలిపిరి_మెట్లు
అక్క ప్రింట్ చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. "ఇది నేను" అంది. అవ్వకు తన ఫొటో ఇచ్చా. ప్రతి ముడతా అట్లే ఉంచా, వెలుతురు మాత్రం పక్క నుంచి మెల్లగా పడేట్టు చేశా. నా దృష్టిలో మొత్తంలో అదే బెస్ట్. కళ్లజోడు పెట్టుకుని చూసి, "ఆ ఫొటో ఆయన చక్కగా తీసేసినాడు కదరా, నువ్వెందుకు మళ్ళ తెచ్చిపెట్టినావు?" అంది.

చిత్తూరు_లెన్స్
🙏🙏🙏 అవ్వకు నా నమస్కారం చెప్పు.

పాత_నెగటివ్
నా మేస్త్రీ ఉండుంటే కంటి కింద మాత్రం ఒక్క నాలుగు చుక్కలు పెట్టేవాడు.

అలిపిరి_మెట్లు
పెట్టా పెద్దాయనా, మీరు చెప్పినట్టే. కంటి కింద నలుపు కొంచెం తగ్గించి ఇంకో ప్రింట్ వేయించా. అవ్వ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసి, ఆల్బమ్‌లో ఉన్నదే ఫ్రేమ్ కట్టించమంది. కట్టించి హాల్లో తగిలించా. తామరపువ్వు పేజీ మాత్రం బావ అడుగుతున్నాడు, ఇంకా ఇవ్వలేదు.